జడ్జి గారి సమాధి ఏ కౌంటీలో ఉంది?

పోయిన వేసవిలో మా నాన్న ఆస్టిన్ వచ్చినప్పుడు పీచ్ పళ్ళ కోసం స్టోన్‌వాల్ దాకా వెళ్ళాం. 290 హైవే మీద గంటకు పైగా ప్రయాణం. సీజన్‌లో ఆ రోడ్డు పొడుగునా పీచ్ బుట్టల దుకాణాలే. ఎలాగూ దారిలోనే కదా అని కారు లిండన్ జాన్సన్ ర్యాంచ్ వైపు తిప్పాను. అమెరికా 36వ అధ్యక్షుడి పొలం అది. ఇప్పుడు నేషనల్ పార్కు వాళ్ళ చేతిలో ఉంది. లోపల పెడర్నాలెస్ నది ఒడ్డున, పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడలో, రాతి గోడ కట్టిన చిన్న శ్మశానం ఒకటి కనిపిస్తుంది. లోపలికి వెళ్ళనివ్వరు, గోడ బయటి నుంచి చూడాలి. వరసగా సమాధి రాళ్ళు. వాటిలో ఒకటి మిగతావాటి కన్నా కాస్త ఎత్తు. అది జాన్సన్‌ది.

నాన్న గోడ మీద చేతులు ఆనించి చాలాసేపు చూశాడు. "ప్రెసిడెంటు చేసినాయన్ని పొలంలో పెట్టారేంట్రా? వాషింగ్టన్‌లో జాగా ఇవ్వలేదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ తనే, "అదీ నిజమేలే, మన రాజశేఖర రెడ్డిని ఇడుపులపాయలో పెట్టలేదూ" అని సర్దుకున్నాడు. ఆ తర్వాత పక్క రాళ్ళ గురించి అడగడం మొదలుపెట్టాడు. ఇది వాళ్ళ నాన్నది, ఎమ్మెల్యేగా చేశాడు. అది తాతది, ఎమ్మెల్యేకి నిలబడి ఓడిపోయాడు. వీళ్ళమ్మ తండ్రి కూడా ఎమ్మెల్యేనే, కానీ ఆయన ఇక్కడ లేడు, ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి శ్మశానంలో ఉన్నాడు. "ఎందుకు? ఆయనకిక్కడ చోటివ్వలేదా?" అన్నాడు నాన్న. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక దాని వెంట పడితే తేలిందేమిటంటే, ఒక పల్లెటూరి కౌంటీలో ఏ నాయకుడి సమాధి ఎక్కడుందన్నది ఆచారానికో భక్తికో మాత్రమే సంబంధించిన విషయం కాదు. భూమి ఎవరిది, సరిహద్దు ఎప్పుడు గీశారు, చట్టం ఏమంటోంది, రాజధాని ఎంత గట్టిగా లాగుతోంది, ఇవన్నీ అందులో చిక్కుపడి ఉన్నాయి.

ఈ కథంతా గిలెస్పీ కౌంటీలోది, దాని చుట్టుపక్కలది. టెక్సాస్‌లో మొత్తం 254 కౌంటీలున్నాయి. మన లెక్కలో కౌంటీని జిల్లాకి తమ్ముడు, మండలానికి అన్న అనుకోవచ్చు. గిలెస్పీ విస్తీర్ణం సుమారు 2,750 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం జనం 27 వేల లోపే. అంటే మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉండే జనం కన్నా తక్కువ. కానీ ఎన్నికల మీద వచ్చే పదవులు మాత్రం బోలెడు. షెరిఫ్‌ని ఎన్నుకోవాలి, కౌంటీ క్లర్కుని ఎన్నుకోవాలి, పన్నులు వసూలు చేసే ఆయన్నీ ఎన్నుకోవాలి. నలుగురు కమిషనర్లు, వాళ్ళ మీద ఒక కౌంటీ జడ్జి. వీళ్ళు గాక రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కి వెళ్ళే శాసనసభ్యుడు. నూట డెబ్భై ఏళ్ళ పైబడి ఈ పదవుల్లో పని చేసినవాళ్ళందరినీ కలిపితే, కౌంటీలో ఏ పాత శ్మశానంలోకి వెళ్ళినా ఒకరిద్దరు తగలకుండా ఉండరు.

మొదటి చిక్కు ఆ 'జడ్జి' అన్న మాటతోనే. రాయి మీద 'జడ్జి ఫలానా' అని చెక్కి ఉంటే ఈయనెవరో నల్ల కోటు వేసుకుని తీర్పులిచ్చిన మనిషి అనుకుంటాం. టెక్సాస్‌లో కౌంటీ జడ్జి అంటే ముఖ్యంగా పరిపాలన చూసే మనిషి. ఆయన, నలుగురు కమిషనర్లు కూర్చునే సభను 'కమిషనర్స్ కోర్ట్' అంటారు. పేరుకి కోర్టే గానీ అక్కడ జరిగేది రోడ్లు, వంతెనలు, బడ్జెట్ సంగతి. ఆ పదవికి లా డిగ్రీ కూడా అక్కర్లేదు. మన జడ్పీ ఛైర్మన్‌కి కొంచెం కలెక్టర్ని కలిపితే ఎవరు వస్తారో ఆయనే కౌంటీ జడ్జి. చిన్న కౌంటీల్లో కొన్ని చిన్న కేసులు కూడా ఆయన ముందుకు వస్తాయి కాబట్టి పేరు పూర్తిగా అబద్ధమూ కాదు. అసలు న్యాయమూర్తులు వేరు, వాళ్ళు డిస్ట్రిక్ట్ జడ్జీలు. ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే చచ్చేదాకా జడ్జి అనే పిలుస్తారు, చచ్చాక రాయి మీద కూడా అదే ఎక్కుతుంది. మన ఊళ్ళలో కరణం ఉద్యోగం పోయి దశాబ్దాలైనా 'కరణం గారిల్లు' పోదు చూడండి, అలాగే. కాబట్టి రాయి మీద బిరుదును చూసి మనిషి పదవిని తేల్చకూడదు. ఆ కాలపు కౌంటీ మినిట్స్ పుస్తకం తెరవాల్సిందే.

రెండో చిక్కు ఇంకా గమ్మత్తైనది. సమాధి కదలదు, సరిహద్దు కదులుతుంది. గిలెస్పీ కౌంటీ 1848లో ఏర్పడింది. పదేళ్ళు తిరిగేసరికి, 1858లో, దాని భూమిలోంచి కొంత తీసి కొత్తగా మేసన్, బ్లాంకో కౌంటీలు చేశారు. 1862లో కెండల్ కౌంటీ వచ్చింది. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది గానీ మనిషి కౌంటీ మారిపోతాడు. తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై మూడైనప్పుడు, ఆంధ్రలో పదమూడు ఇరవై ఆరైనప్పుడు మనకూ ఇదే అనుభవం. 'కరీంనగర్ జిల్లా నాయకుడు' అని పుస్తకంలో ఉన్నాయన ఊరు ఇప్పుడు వెతికితే హనుమకొండ జిల్లాలో తేలుతుంది. పీవీ గారి వంగర అలాంటిదే.

ఈ తికమకంతా ఒక్క మనిషిలో చూడాలంటే జాన్ మ్యూసెబాక్ ఉన్నాడు. 1812లో జర్మనీలో బారన్ వంశంలో పుట్టాడు. అక్కడ ఆయన పేరు ఒట్‌ఫ్రీడ్ హాన్స్ ఫ్రైహెర్ ఫాన్ మ్యూసెబాక్. టెక్సాస్‌కి జర్మన్ వలసల్ని నడిపించడానికి వచ్చి బారన్ బిరుదు వదిలేసి ఉత్త 'జాన్ ఓ.' అయిపోయాడు. 1846లో ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరు నిలబెట్టాడు. అదే ఇవాళ్టి గిలెస్పీ కౌంటీ ముఖ్య పట్టణం. 1847లో కొమాంచీ తెగలతో ఒప్పందం చేసుకున్నాడు. తెల్లవాళ్ళు, ఆదివాసులు కుదుర్చుకున్న ఒప్పందాల్లో మాట తప్పకుండా నిలబడిన బహు కొద్దివాటిలో ఇదొకటని చెప్పుకుంటారు. 1851లో రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యాడు. అయితే ఎన్నికైంది గిలెస్పీ నుంచి కాదు, బెక్సార్, కొమాల్, మెడీనా కౌంటీల తరఫున. ముసలితనంలో కాపురం పెట్టింది లాయల్ వ్యాలీలో, అది మేసన్ కౌంటీ. 1897 మే 27న, 85 ఏళ్ళు నిండిన మర్నాడు, అక్కడే పోయాడు. పూడ్చింది మాత్రం కౌంటీ గీత దాటించి చెర్రీ స్ప్రింగ్‌లోని మార్షల్–మ్యూసెబాక్ కుటుంబ శ్మశానంలో. అది మళ్ళీ గిలెస్పీ.

ఇప్పుడు ఈయన ఏ కౌంటీ నాయకుడు? ఓటేసిన కౌంటీలు అడగొచ్చు, ఊరు కట్టించుకున్న కౌంటీ అడగొచ్చు, ఇల్లున్న కౌంటీ అడగొచ్చు. ఏ కౌంటీకి ఎవరు నాయకులని జాబితాలు రాసేవాళ్ళు మాత్రం సమాధి ఎక్కడుంటే ఆ కౌంటీకి రాసేస్తారు. నాకు అది సబబుగా అనిపించదు గానీ, అంతకన్నా తేలికైన కొలత కూడా లేదు. ఆయన రాయి మీద సెనేటర్ అన్న గొప్ప కన్నా ముందు కంటపడేది ఒక లాటిన్ మాట: 'టెనాక్స్ ప్రొపోజిటి'. పట్టిన పట్టు విడవనివాడు అని అర్థం.

ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి శ్మశానం పేరు 'డెర్ స్టాట్ ఫ్రీడ్‌హోఫ్'. జర్మన్‌లో ఊరి శ్మశానం అనే అర్థం. ఊరు పుట్టిన 1846లోనే ఇదీ పుట్టింది. కేథలిక్కులకి విడిగా సెయింట్ మేరీస్ శ్మశానం ఉంది. ఒకే ఊళ్ళో, ఒకే భాష మాట్లాడుతూ, ఒకే కమిషనర్స్ కోర్టులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషులు చనిపోయాక చర్చిని బట్టి వేరే వేరే గేట్లలోంచి పోవాల్సిందే. పాత రాళ్ళు జర్మన్‌లో ఉంటాయి. 'హియర్ రూట్' అంటే 'ఇక్కడ విశ్రమిస్తున్నాడు'. తేదీల ముందు 'గెబ్.' అని ఉంటే పుట్టిన రోజు, 'గెస్ట్.' అని ఉంటే పోయిన రోజు. ఈ నాలుగు ముక్కలూ వస్తే సగం శ్మశానం చదివేయొచ్చు. చదవడం తెలిసినా పేర్లు ఏడిపిస్తాయి. కౌంటీ కాగితాల్లో జాన్ అని ఉన్న మనిషి రాయి మీద జోహన్ అవుతాడు. కాగితాల్లో ఛార్లెస్, రాయి మీద కార్ల్. ఇద్దరూ ఒకరేనని తేల్చాలంటే పుట్టిన తేదీ కలవాలి, భార్య పేరు కలవాలి. పోనీ మరణ ధ్రువపత్రం చూద్దామంటే టెక్సాస్‌లో రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు మొదలైందే 1903లో. అంతకు ముందు పోయినవాళ్ళకి చర్చి రిజిస్టరు, పాత పేపరు, ఆ రాయి, ఇవే దిక్కు.

ఆడవాళ్ళ సంగతి ఇంకో రకం. పదవి చేసిన స్త్రీ అయినా పాత రాళ్ళ మీద భర్త ఇంటి పేరుతో, చాలాసార్లు 'భార్య' అన్న ఒక్క మాటతో సరిపెట్టేశారు.

సరే, నాన్న అడిగిన ప్రశ్నకి వద్దాం. ఫ్రీడ్‌హోఫ్‌లో ఉన్న ఆ తాత పేరు జోసెఫ్ బెయిన్స్. జాన్సన్ తల్లి రెబెకాకి తండ్రి. చిన్నా చితకా మనిషి కాదు. వకీలు, పత్రికాధిపతి. 1883 నుంచి 1887 దాకా టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా పని చేశాడు. తర్వాత బ్లాంకోలో స్థిరపడ్డాడు, శాసనసభకీ వెళ్ళాడు. కానీ డబ్బు పోయింది. ఇల్లూ వాకిలీ వదులుకుని 1904 ప్రాంతంలో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో చిన్న ఇంటికి మారాడు. రెండేళ్ళకే, 1906లో, పోయాడు. ఆయన వదిలిన శాసనసభ సీటుకి 1904లో నిలబడి గెలిచింది శామ్ ఈలీ జాన్సన్ జూనియర్. ఆ కుర్రాడు పాత ఎమ్మెల్యే గారి కూతుర్ని 1907లో పెళ్ళి చేసుకున్నాడు. మామ పోయిన మరుసటి ఏడాది. అంటే వాళ్ళ మామా అల్లుళ్ళ వరస శాసనసభ సీటులో ముందు కుదిరింది, పెళ్ళి పీటల మీద తర్వాత కుదిరింది. ఒకే సీటులో ఒకరి తర్వాత ఒకరు కూర్చున్న ఈ ఇద్దరి సమాధులకీ మధ్య దూరం పదిహేను మైళ్ళు.

చోటివ్వకపోవడం కాదు. బెయిన్స్ పోయేనాటికి ఆయనకి తనదంటూ పొలం లేదు, పెళ్ళి ఇంకా కాలేదు కాబట్టి జాన్సన్‌లు ఇంకా చుట్టాలు కాలేదు. పూడ్చాల్సిన రోజున సొంత నేల లేనివాడికి ఊరి శ్మశానమే గతి, అది ఎంత పెద్ద పదవి చేసినవాడైనా సరే. స్టోన్‌వాల్ దగ్గర జాన్సన్‌ల శ్మశానమూ అప్పటికి కొత్తదే. 1905లో లిండన్ జాన్సన్ నాయనమ్మకి తల్లి, ప్రిసిల్లా బంటన్, పోతే ఆమెను అక్కడ పెట్టారు. అదే మొదటి సమాధి. ఒక ముసలావిడ కోసం నది ఒడ్డున కేటాయించిన ఆ చెక్క భూమి, అరవై ఎనిమిదేళ్ళ తర్వాత అధ్యక్షుడి అంత్యక్రియలకి వేదికైంది.

ఆ గోడ లోపల ఉన్న తాత, శామ్ ఈలీ జాన్సన్ సీనియర్, పశువుల మందల్ని ఉత్తరాదికి తోలి డబ్బు చేసిన మనిషి, తర్వాత పోగొట్టుకున్న మనిషి కూడా. 1892లో రైతుల పార్టీ అనదగ్గ పాపులిస్టు పార్టీ టికెట్ మీద శాసనసభకి నిలబడ్డాడు. ఎదురుగా డెమోక్రాట్ల తరఫున ఎవరు? స్వయానా కూతురి మొగుడు, క్లారెన్స్ మార్టిన్. మామా అల్లుళ్ళిద్దరూ ఒకే గుర్రబ్బండిలో ఎక్కి ఊరూరా తిరిగి, దిగి ఒకరినొకరు తిట్టుకుని, మళ్ళీ అదే బండిలో ఇంటికొచ్చేవారని చెబుతారు. పార్టీ వేరైనా భోజనం ఒకచోటేనన్నమాట. గెలిచింది అల్లుడు. ఆ మార్టిన్ గారి ఇల్లే తర్వాత చరిత్రకెక్కింది. 1951లో లిండన్ జాన్సన్ తన మేనత్త, అంటే మార్టిన్ భార్య, దగ్గర ఆ ఇల్లూ పొలం కొన్నాడు. అదే 'టెక్సాస్ వైట్ హౌస్' అయింది.

ఆ కొనుగోలు వెనక ఒక పాత దెబ్బ ఉంది. లిండన్ తండ్రి శామ్ జూనియర్ రెండు దఫాలుగా శాసనసభలో ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918లో, జర్మన్ పేరున్న ప్రతివాణ్ణీ దేశద్రోహిగా చూస్తున్నప్పుడు సభలో లేచి సహనం గురించి మాట్లాడాడు. తన నియోజకవర్గంలో ఇంటికో జర్మన్ కాబట్టి అది ఓట్ల లెక్క కూడా కావచ్చు, కానీ ఆ గాలిలో అంత మాట అనడానికి గుండె కావాలి. యుద్ధం తర్వాత పత్తి ధర పడిపోయి, అప్పులు మీద పడి, పెడర్నాలెస్ ఒడ్డున ఉన్న పొలాన్ని అమ్ముకున్నాడు. పత్తి రైతుకి అప్పు ఏం చేస్తుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. 1937 ఏప్రిల్‌లో కొడుకు అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి పోయాడు. ఆసుపత్రిలో ఉండగా, తనని కొండల్లోని ఆ చిన్న ఇంటికి తీసుకుపొమ్మని, అక్కడైతే మనిషి జబ్బు పడ్డాడని నలుగురికీ తెలుస్తుందని, చనిపోతే పట్టించుకుంటారని కొడుకుతో అన్నాడట. లిండన్ ఆ మాటని జీవితాంతం చెప్పుకున్నాడు. పొలం అప్పులకి పోయినా శ్మశానం పోలేదు. తండ్రిని అక్కడే పెట్టారు, 1958లో తల్లినీ పెట్టారు. లిండన్ పుట్టిన ఇంటి స్థలం నుంచి ఆ గోడ దాకా నడిచే వెళ్ళొచ్చు.

లిండన్ జాన్సన్ 1973 జనవరి 22న ర్యాంచ్‌లోనే గుండె ఆగి పోయాడు. 25న ఇక్కడ పూడ్చారు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనంలో పార్థివదేహాన్ని ఉంచారు, అక్కడి తంతు అంతా అయ్యాకే ఊరికి తెచ్చారు. సమాధి దగ్గర క్రైస్తవ మత ప్రబోధకుడు బిల్లీ గ్రాహం, మాజీ గవర్నర్ జాన్ కానలీ మాట్లాడారు. భార్య లేడీ బర్డ్ 2007లో వచ్చి పక్కన చేరింది. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 27న ఏటా పుష్పగుచ్ఛం పెడతారు. పొలాన్ని బతికుండగానే, 1972లో, నేషనల్ పార్కుకి రాసిచ్చాడు గానీ శ్మశానం మీద హక్కు కుటుంబానిదే. అందుకే మనం గోడ బయట, వాళ్ళు లోపల.

మా నాన్నకి అక్కడ నిలబడి ఒక సంగతి చెప్పాను. 1965 అక్టోబరు 3న దేశాల వారీ కోటాల్ని ఎత్తేసిన ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టింది ఈ రాయి కింద ఉన్నాయనేనని. ఆ సంతకం లేకపోతే ఇవాళ డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో, ఆస్టిన్‌లో ఇన్ని తెలుగు ఇళ్ళు ఉండేవి కావు. నాన్న దండం పెట్టాలా వద్దా అన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి మళ్ళీ గోడ మీద పెట్టేశాడు. "అప్పట్లో గోధుమలు పంపిందీ ఈయన టైములోనేగా," అన్నాడు కాసేపటికి. ఆయన చిన్నప్పుడు స్కూల్లో పెట్టిన ఉప్మా గుర్తొచ్చినట్టుంది. మిగులు ధాన్యం బయటి దేశాలకి పంపే పీఎల్–480 చట్టం కింద అమెరికా గోధుమలు వచ్చిన రోజులవి. ఓడ ఓడకీ జాన్సన్ చెయ్యి బిగబట్టి వదిలాడన్న కోపం కూడా ఆనాడు ఢిల్లీలో ఉండేది.

సొంత పొలంలో పూడ్చుకోవడానికి టెక్సాస్ చట్టం అడ్డు చెప్పదు, ఊరికి తగినంత దూరంలో ఉంటే చాలు. కొత్త శ్మశానం చిన్న పట్టణానికైతే ఒక మైలు, పెరుగుతూ పెరుగుతూ పెద్ద నగరానికైతే 5 మైళ్ళ అవతల ఉండాలి. అసలు బలం దాని తర్వాతి నియమంలో ఉంది. ఒకసారి ఒక చెక్క భూమిలో మనిషిని పూడ్చి శ్మశానంగా కేటాయించాక, కోర్టు ఒప్పుకుంటే తప్ప దాన్ని మరో పనికి వాడకూడదు. చుట్టూ ఉన్న పొలం పదిసార్లు చేతులు మారినా ఆ చెక్క మాత్రం శ్మశానమే. ఇంకో నియమం మరీ ముఖ్యం. వేరే దారి లేని కుటుంబ శ్మశానాన్ని చూడాలనుకునేవాళ్ళకి, చుట్టూ ఉన్న పొలం యజమాని తగుమాత్రం దారి వదలాలి. కొన్నవాళ్ళు గేటుకి తాళం వేసుకోవచ్చు గానీ, తాతకి పూలు పెట్టడానికి వచ్చినవాణ్ణి పూర్తిగా ఆపలేరు. శ్మశానానికి రస్తా లేక శవాన్ని వరి మడిలోంచి మోసుకెళ్ళిన ఊళ్ళు మన దగ్గర ఎన్ని లేవు? ఆ నియమం చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఇలాంటి చెక్కలు టెక్సాస్ పల్లెల్లో లెక్కకు మించి ఉన్నాయి. ముళ్ళ కంచె, రెండు మూడు ఒరిగిన రాళ్ళు, మోకాలెత్తు గడ్డి. అందులో ఒకరు ఒకప్పటి కమిషనరో, షెరిఫో అయి ఉంటారు. పిల్లలు హ్యూస్టన్‌కో శాన్ ఆంటోనియోకో పోయాక చూసే దిక్కుండదు. తాము కూడా ముసలితనంలో పిల్లల దగ్గరికే చేరి అక్కడే పోయిన నాయకులు చాలామంది. వాళ్ళు పదవి చేసిన కౌంటీలో ఎంత వెతికినా దొరకరు. కొన్నిచోట్ల రాయి ఉంటుంది, కింద మనిషి ఉండడు. ఇంకోచోట పూడ్చి ఇక్కడ జ్ఞాపకానికి రాయి నిలబెట్టి ఉంటారు.

ఇక రాజధాని లాగుడు. ఆస్టిన్‌లో టెక్సాస్ స్టేట్ సిమెట్రీ అని ప్రభుత్వ శ్మశానం ఉంది. టెక్సాస్ విడి దేశంగా ఉన్నప్పుడు ఉపాధ్యక్షుడిగా చేసిన ఎడ్వర్డ్ బర్ల్‌సన్ సమాధితో 1851లో మొదలైంది. శాసనసభ్యుడిగానో, రాష్ట్ర స్థాయిలో ఎన్నికైన పదవిలోనో చేసినవాళ్ళకి అక్కడ చోటు అడిగే హక్కుంది. అంటే పల్లెటూరి ఎమ్మెల్యే ముందు చివరిదాకా ఒక ప్రశ్న ఉంటుంది: ఊళ్ళో నాన్న పక్కనా, ఆస్టిన్‌లో గవర్నర్ల పక్కనా? జాన్సన్ శిష్యుడు కానలీ విల్సన్ కౌంటీ ఫ్లోర్స్‌విల్ మనిషి. 1993లో పోతే ఆస్టిన్‌లోనే పెట్టారు. జాన్సన్ గురువు లాంటి, అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ శామ్ రేబర్న్ 1961లో పోయాడు, సొంత ఊరు బానమ్ శ్మశానానికే వెళ్ళాడు. టెక్సాస్‌కి పితామహుడు లాంటి స్టీఫెన్ ఆస్టిన్‌కైతే అడిగే దిక్కు కూడా లేదు. 1836లో పోయినాయన్ని 1910లో తవ్వి తీసి రాజధానికి తెచ్చుకున్నారు. డెబ్భై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అంత్యక్రియలు.

ఆ శ్మశానంలో మొదటి నల్లజాతి సమాధి అమెరికా కాంగ్రెస్‌లో సభ్యురాలిగా చేసిన బార్బరా జోర్డన్‌ది, 1996లో. మొదలైన నూట నలభై అయిదేళ్ళకి. టెక్సాస్ శ్మశానాల్లో చాలాకాలం తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య కంచెలుండేవి, ఒకే కౌంటీకి ఇద్దరూ పన్ను కట్టినా సరే. ఈ విషయంలో అమెరికాని వేలెత్తి చూపే ముందు మన ఊళ్ళలో ఎవరి శ్మశానం చెరువుకి ఎటు పక్కన ఉందో ఒకసారి తలుచుకోవాలి.

సొంత ర్యాంచ్‌లో పెట్టుకున్న సమాధుల్లో నాకు బాగా నచ్చిన జంట ఒకటుంది. ఒకటి జాన్సన్‌ది. రెండోది పొరుగునే ఉన్న కింబుల్ కౌంటీలో కోక్ స్టీవెన్‌సన్‌ది. స్టీవెన్‌సన్ అచ్చంగా కౌంటీ నాయకుడిగా పెరిగినవాడు. కింబుల్‌లో కౌంటీ అటార్నీ, తర్వాత కౌంటీ జడ్జి, ఆపైన శాసనసభ స్పీకర్, చివరికి గవర్నర్. 1948లో అమెరికా సెనేట్ టికెట్ కోసం డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, రెండో విడతలో ఈయనా జాన్సనూ తలపడ్డారు. దాదాపు పది లక్షల ఓట్లు పోలైతే తేడా 87. జాన్సన్ గెలిచాడు. పోలింగైన ఆరు రోజులకి, దక్షిణాన ఆలిస్ పట్టణంలోని 13వ నంబరు పెట్టెలో జాన్సన్‌కి కొత్తగా రెండొందల ఓట్లు తేలాయి. ఓటర్ల జాబితా చివర పేర్లు అక్షర క్రమంలో, ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు. చచ్చినవాళ్ళు లేచొచ్చి ఓటేశారన్న జోకు అప్పుడే పుట్టింది. జాన్సనే ఆ జోకు చెప్పుకుని నవ్వేవాడు. ఒక పిల్లవాడు వీధిలో ఏడుస్తుంటే ఏమైందని అడిగారట. మా నాన్న ఊళ్ళోకొచ్చి కూడా నన్ను చూడకుండా పోయాడన్నాడట వాడు. మీ నాన్న పోయి చాలా ఏళ్ళైంది కదరా అంటే, నిన్న ఓటెయ్యడానికొచ్చాడుగా అన్నాడట.

స్టీవెన్‌సన్ ఆ తర్వాత మళ్ళీ పదవికి పోలేదు. టెలిగ్రాఫ్ అనే పల్లె దగ్గర తన ర్యాంచ్‌కి వెళ్ళిపోయి, 1975లో పోయి, అక్కడే ఉన్నాడు. మాజీ గవర్నర్‌గా ఆస్టిన్‌లో చోటు దొరికే మనిషి. తీసుకోలేదు. జాన్సన్ వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో చోటు తీసుకోలేదు. జీవితమంతా ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్న ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒకేలా చేశారు. తేడా ఏంటంటే, జాన్సన్ దగ్గరికి వెళ్ళడానికి హైవే మీద బోర్డులున్నాయి, పార్కింగ్ ఉంది, పార్కు వాళ్ళిచ్చే మ్యాపు ఉంది.

నాన్నకి ఈ 87 ఓట్ల కథ తిరుగు ప్రయాణంలో చెప్పాను. పీచ్ బుట్ట ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "ఆయన దగ్గరికీ వెళ్దామా?" అన్నాడు. ప్రైవేటు పొలం నాన్నా, వెనక్కి తిరిగి వంద కిలోమీటర్ల పైనే పోవాలి అన్నాను. "పోనీలే. దారి ఇవ్వాలని చట్టం ఉందన్నావుగా, ఈసారి వచ్చినప్పుడు అడుగుదాం," అని ఒక పీచ్ తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.